తోమా నమ్మని ఎనిమిది రోజులు

అందరికీ వందనాలు. ఈ రోజు ఒక కొండ గురించి, మా అమ్మ చెయ్యి గురించి మాట్లాడతాను.

అమ్మకి కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక సూళ్లూరుపేట నుంచి చెన్నైకి, నా దగ్గరికి తెచ్చుకున్నాను. వారానికి మూడు రోజులు డయాలసిస్. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. అంతసేపూ ఒళ్లో పెరుగన్నం డబ్బా పెట్టుకుని బయట కూర్చుంటాను. మొదట్లో అక్కడే ప్రార్థన చేసేవాణ్ణి. పోనుపోను నోరు రాలేదు. సంఘంలో పెద్దలు "దేవుడు మేలే చేస్తాడు బాబూ" అంటే తల ఊపేవాణ్ణి. లోపల మాత్రం "ఏది మేలు?" అని ఒకటే టెన్షన్. అది పైకి అంటే పాపమనుకున్నాను.

ఒక సాయంత్రం సెయింట్ థామస్ మౌంట్ ఎక్కాను. ఇక్కడి తమిళులు పరంగిమలై అంటారు. 300 అడుగుల కొండ. యేసు ప్రభువు శిష్యుడు తోమా క్రీ.శ. 72లో ఇక్కడే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడని తరతరాల నమ్మకం. పైనున్న చర్చిని పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కట్టించారు. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంటే కింద మీనంబాక్కంలో విమానాలు దిగుతున్నాయి. అక్కడే ఫోన్‌లో యోహాను సువార్త 20వ అధ్యాయం తీశాను.

సిలువ మీద చనిపోయిన ప్రభువు తిరిగి లేచాడని తోటివాళ్లు చెబితే తోమా ఒప్పుకోలేదు. ఆ మేకుల గుర్తుల్లో నా వేలు పెట్టి చూస్తేగాని నమ్మనన్నాడు. ఇదంతా చిన్నప్పటి నుంచి విన్నదే. ఆ రోజు నా కన్ను మాత్రం ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయింది: ఎనిమిది రోజులు. ఎనిమిది రోజుల తర్వాత ప్రభువు మళ్లీ వచ్చేసరికి తోమా ఆ ఇంట్లోనే, వాళ్ల మధ్యే ఉన్నాడు. నమ్మకం కుదరలేదు, అయినా వెళ్లిపోలేదు.

ఇంకొకటి చూడండి. ప్రభువు వస్తూనే తోమాతో ఏమన్నాడు? నీ వేలు ఇటు చాచి నా చేతులు చూడు అన్నాడు. అంటే తోమా ఆ మాట అన్నప్పుడు కంటికి కనబడని ప్రభువు అంతా విన్నాడు! విని కూడా కోపగించుకోలేదు. తోమా అడిగిందే తెచ్చి ముందు పెట్టాడు. కొండమీద కూర్చుని ఏడ్చేశాను. ఎన్ని నెలలుగా నేను లోపల అంటున్నదీ ఆయన చెవిన పడుతూనే ఉందన్నమాట.

అమ్మ ఆరోగ్యం మారలేదు. ఆ మాట దాచను. నా ప్రార్థన మారింది. ఇప్పుడు అడిగేస్తాను, కోపం వస్తే కోపంగానే.

అమ్మ ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ అయింది. డయాలసిస్ సూదుల కోసం లోపల రక్తనాళాలు కలిపి కుట్టారు. రోజూ దానిమీద వేళ్లు పెట్టి చూడమని, లోపల పిల్లి గురగురలాడినట్టు కదలిక తెలిస్తే బాగున్నట్టని నర్సమ్మ నేర్పింది. రాత్రి అమ్మ పడుకున్నాక ఆ మచ్చ పక్కన రెండు వేళ్లు ఆనించి, "ఇంకా ఎన్నాళ్లు ప్రభువా?" అని అడుగుతాను. నిన్న రాత్రి అమ్మ కళ్లు తెరవకుండానే అంది:

"ఆడుతోందా నాయనా?"

"ఆడుతోందమ్మా."