క్రిస్మస్ సెలవుల్లో డిస్నీ వరల్డ్: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తున్నారా?

అందరికీ నమస్కారం అండి. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారు, పిల్లలకి సెలవులు, ఇంటిల్లిపాదీ ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి బయల్దేరుతున్నారు. ఈ వీడియో అలాంటి వాళ్ల కోసం. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా ఉండే వారం అక్కడ ఏడాది మొత్తంలోకీ బాగా రద్దీ.

"నడవగలను కదా, నాకు వీల్‌చైర్ ఎందుకు" అంటారు పెద్దవాళ్లు. నడవగలరు, నిజమే. కానీ సాయంత్రం ఓ అరగంట వాకింగ్ చేయడం వేరు, పొద్దున్నుంచి రాత్రి దాకా కాంక్రీటు మీద తిరగడం వేరు. నడక కన్నా లైన్లో నిలబడటమే మోకాళ్లని ఎక్కువ పీకేస్తుంది. అక్కడి పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌లో చెరువు చుట్టూ దేశాల పెవిలియన్లు ఉంటాయి, ఆ ఒక్క చుట్టే దాదాపు 2 కిలోమీటర్లు. అందుకే నొప్పి వచ్చాక చూద్దాం అనుకోకండి, గేటు దాటగానే కుర్చీ తీసుకోండి.

మామూలు వీల్‌చైరా, ఎలక్ట్రిక్ స్కూటరా? తోసేవాళ్లు ఇద్దరుంటే మామూలు కుర్చీయే నయం అని నా అభిప్రాయం. జనంలో సులువుగా మళ్లుతుంది, చాలా రైడ్ల లోపలికి వెళ్తుంది. స్కూటర్‌ని అక్కడ ఈసీవీ అంటారు. పార్కులో అద్దెకిచ్చేవి ముందుగా బుక్ చేసుకోవడానికి కుదరదు, ముందొచ్చిన వాళ్లకే. రద్దీ రోజుల్లో పొద్దున్నే అయిపోతాయి. పైగా పార్కు బయటికి తీసుకెళ్లనివ్వరు, అంటే పార్కింగ్ నుంచి గేటు దాకా నడక తప్పదు. బయటి కంపెనీ దగ్గర కొన్ని వారాల ముందే బుక్ చేస్తే హోటల్‌కే తెచ్చిస్తారు.

స్కూటర్ ఎప్పుడూ నడపని వాళ్లతో ముందు రోజు సాయంత్రం హోటల్ ఖాళీ స్థలంలో ఓ అరగంట ప్రాక్టీసు చేయించండి. చాలా స్కూటర్లకి స్పీడు తిప్పే బటన్ దగ్గర ఒకవైపు తాబేలు, ఇంకోవైపు కుందేలు బొమ్మ ఉంటాయి. జనంలోనూ షాపుల్లోనూ తాబేలు దగ్గరే ఉంచాలి. లీవర్ వదిలేస్తే బండి ఆగిపోతుంది. కంగారులో చాలామంది లీవర్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు, ముందున్న వాళ్ల మడమలకి తగిలేది అప్పుడే. "వదిలేయ్, ఆగుతుంది" అన్నది చేతికి అలవాటయ్యేదాకా ప్రాక్టీసు చేయించండి.

ఇంకో పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, మెయిన్ స్ట్రీట్ మీద ట్రాలీ పట్టాలున్నాయి, చూసుకోండి. వాటి పక్కనున్న గాడి సన్నగా ఉంటుంది. ఏటవాలుగా దాటితే కుర్చీ ముందున్న చిన్న చక్రం అందులో దిగబడి, కూర్చున్నవాళ్లు ముందుకి తూలుతారు. పట్టాలకి అడ్డంగా, సూటిగా దాటించండి. బాగా వాలుగా ఉన్నచోట కుర్చీని వెనక్కి తిప్పి, మీరు వెనకడుగు వేస్తూ దించండి. లేచేముందు రెండు బ్రేకులూ వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు మడవాలి. పలక మీద కాలేసి లేస్తే కుర్చీ ముందుకి ఒరుగుతుంది.

కుర్చీ ఉంటే లైన్ తప్పుతుందని చాలామంది అనుకుంటారు. తప్పదండి. చాలాచోట్ల మామూలు లైన్లోనే కుర్చీతో వెళ్లాలి. దారి ఇరుకుగా ఉన్న పాత రైడ్లలో వేరే దారి చూపిస్తారు, లేదా మళ్లీ ఎప్పుడు రావాలో టైమ్ ఇస్తారు. లైన్లో నిలబడకుండా, తర్వాత రమ్మని టైమ్ ఇచ్చే డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్ నిబంధనలు 2024 మే నుంచి మారాయి. ఇప్పుడది ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యల వల్ల లైన్లో ఎక్కువసేపు ఉండలేని వాళ్లకి. మోకాళ్ల నొప్పికి ఇవ్వరు. టైమ్ కలిసి రావాలంటే డబ్బు కట్టి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, అంటే చిన్న లైన్లోంచి వెళ్లే పాస్ తీసుకోవాలి. డిస్నీ హోటల్లో దిగితే 7 రోజుల ముందు, లేకపోతే 3 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. కూర్చునే ఉన్నాం కదా అనుకోకండి, రెండు గంటలు కదలకపోతే మోకాళ్లు బిగుసుకుంటాయి. గంటకోసారి లేచి కాళ్లు చాపించండి.

రైడ్ ఎక్కేటప్పుడు అక్కడి స్టాఫ్ ఎవర్నీ ఎత్తి కూర్చోబెట్టరు, ఆ పని మనదే. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, జంగిల్ క్రూజ్ రైడ్లలో వీల్‌చైర్‌తోనే ఎక్కే పడవలున్నాయి. ఆ పడవ వచ్చేదాకా ఇంకాసేపు ఆగాలి. పీపుల్‌మూవర్ అనే చిన్న బండ్ల రైడ్ మెల్లగా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లకి బావుంటుందని చెబుతుంటారు, కానీ పైకి వెళ్లడానికే కదిలే ర్యాంపు ఎక్కాలి, తర్వాత తిరుగుతున్న ప్లాట్‌ఫాం మీద అడుగు పెట్టాలి. బ్యాలెన్స్ లేనివాళ్లకి వద్దు. హాంటెడ్ మాన్షన్‌లోనూ కదిలే బెల్టే, కాకపోతే ముందే చెబితే స్పీడు తగ్గిస్తారు. మధ్యాహ్నం రద్దీలో కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే షోకి వెళ్లండి. కుర్చీలోంచి లేవక్కర్లేదు, దాదాపు 20 నిమిషాలు ఏసీలో హాయిగా గడుస్తాయి.

పరేడ్‌కి వీల్‌చైర్ల కోసం విడిగా చోటుంటుంది, అదీ త్వరగా నిండిపోతుంది. గంట ముందే చేరుకోండి. కూర్చున్నవాళ్లకి చలి ఎక్కువ వేస్తుంది, ఒళ్లో దుప్పటి ఉండాలి. ఇన్సులిన్ చల్లగా ఉంచాలంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కనున్న ఫస్ట్ ఎయిడ్‌లో అడగండి.

బాణసంచా అవ్వగానే గేటు వైపు పరుగెత్తకండి. ఒక్కో బస్సులో వీల్‌చైర్ల చోట్లు కొన్నే, వాటికీ లైనే. ఓ నలభై నిమిషాలు ఎక్కడైనా కూర్చుని జనం పలచబడ్డాక కదలండి. గదికి చేరగానే స్కూటర్ ఛార్జింగ్ పెట్టి, ఛార్జర్ మీద లైటు వెలిగిందో లేదో చూసి పడుకోండి.