చెక్క ట్రాక్టరుకు చక్రాలు: బిళ్ళ కోయడం నుంచి ఇరుసుకు ఎక్కించడం వరకు

నమస్కారం. చెక్కతో బొమ్మ ట్రాక్టరో, జేసీబీయో, రోడ్డు రోలరో చేసేవాళ్లలో చాలామంది బానెట్టు మీద, తొట్టి మీద ఎంతో శ్రద్ధ పెట్టి, చక్రాలను చివర్లో హడావిడిగా ముగిస్తారు. కానీ బొమ్మ పిల్లల చేతికి వెళ్లిన క్షణం నుంచి అరిగేవి, విరిగేవి అవే. అందుకే ఈ వీడియోలో చక్రం పని ఒక్కటే చూద్దాం. చక్రం అంచు కొంచెం అటూ ఇటూ అయినా తరువాత సరిచేసుకోవచ్చు. నడిమి రంధ్రం వంకరగా పడితే మాత్రం ఆ బిళ్ళను పక్కన పడేయడమే. కాబట్టి ఇప్పటి నుంచి చేసే ప్రతి పనికీ ఆ రంధ్రమే ఆధారం.

ముందు కొలతలు. మన పల్లెల్లో కనిపించే 40, 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లకు సాధారణంగా ముందు 6.00-16, వెనుక 13.6-28 టైర్లు ఉంటాయి (మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో). ముందు టైరు ఎత్తు సుమారు 73 సెంటీమీటర్లు, వెనుక టైరు ఎత్తు సుమారు 130. అంటే ముందు చక్రం వెనుక చక్రంలో సగం కంటే కాస్త పెద్దది. ఈ నిష్పత్తి తప్పితే ఎంత రంగు వేసినా చూసేవాళ్లకు అది ట్రాక్టరులా అనిపించదు. జేసీబీలో వెనుక చక్రాలు పెద్దవే అయినా తేడా ఇంత ఉండదు. టిప్పరుకు వెనుక ఒక్కో పక్క జంట చక్రాలు వేయాలి. రోలరుకు ముందున్న డ్రమ్ము కోసం నాలుగైదు బిళ్ళలను ఒకే ఇరుసు మీద వరుసగా అతికిస్తే సరిపోతుంది.

చెక్క విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర చెక్కడానికి ఎంతో హాయిగా ఉంటుంది గాని, నేల మీద దొర్లే చక్రానికి అది మరీ మెత్తన. ఏటికొప్పాక లక్క బొమ్మలవాళ్లు వాడే అంకుడు కర్ర దొరికితే మంచిదే. హైదరాబాదులో ఉన్నవాళ్లు బోయిగూడ టింబర్ డిపోల వైపు వెళ్లి టేకు తుంపులు అడగవచ్చు. బాగా ఆరిన తుంపు కావాలని మాత్రం గట్టిగా చెప్పండి. పచ్చి చెక్కతో కోసిన బిళ్ళ ఆరేకొద్దీ నారకు అడ్డంగా కుంచించుకుపోయి, గుండ్రంగా ఉన్నది కోలగా మారుతుంది. ప్లైవుడ్డుకు ఆ బాధ లేదు, కానీ దాని అంచు పొరలు పెచ్చులు లేస్తాయి.

బిళ్ళను హోల్ సా అనే గిన్నె ఆకారపు రంపంతో కోస్తాము. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇది అన్ని సైజుల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: దాని మీద రాసి ఉన్నది చెక్కలో పడే రంధ్రం కొలత, లోపల మిగిలే బిళ్ళ కొలత కాదు. పళ్ళు తినేసిన మేర, బిళ్ళ దాదాపు 6 మిల్లీమీటర్లు తక్కువగా వస్తుంది. కాబట్టి 102 మి.మీ. రంపంతో వెనుక చక్రం సుమారు 96, 60 మి.మీ. రంపంతో ముందు చక్రం సుమారు 54 వస్తాయి. ఇందాక చెప్పిన నిష్పత్తి సరిగ్గా కుదురుతుంది.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్నది 18 మి.మీ. మందం ఉన్న పలక. దీన్ని డ్రిల్ ప్రెస్, అంటే స్టాండుకు బిగించి ఉండే డ్రిల్లింగ్ యంత్రం, బల్లకు రెండు క్లాంపులతో బిగించాను. చేత్తో పట్టుకుని కోయవద్దు. ఇంత పెద్ద రంపం చెక్కలో ఇరుక్కుంటే పలకను గిర్రున తిప్పేస్తుంది. చున్నీ, పైట కొంగు, వదులు చేతులు దగ్గరికి రానివ్వకండి. వేగం మీ యంత్రంలో ఉన్న అతి తక్కువ మెట్టులో ఉండాలి.

టైరుకూ రిమ్ముకూ మధ్య గీత కావాలంటే దాన్ని బిళ్ళ ఊడిరాక ముందే వేసుకోవాలి. మొదట చిన్న రంపం, అంటే 60 మి.మీ. దాన్ని, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకే దించి ఆపేయండి. పలకను కదపకుండా 102 మి.మీ. రంపం బిగించి, అదే నడిమి రంధ్రంలోకి దించండి. రెండింటికీ కేంద్రం ఒకటే కాబట్టి గీత చుట్టూ సమాన దూరంలో నిలుస్తుంది. సగం లోతు కోశాక పలకను తిరగేసి, అదే రంధ్రం నుంచి రెండో వైపు కోయండి. అప్పుడు అడుగున పెచ్చులు లేవవు, బిళ్ళ కూడా రంపం గిన్నెలో ఇరుక్కోదు.

హోల్ సా నడిమి బిట్టు వేసే రంధ్రం సుమారు 6 మి.మీ. ఉంటుంది. దాన్ని డ్రిల్ ప్రెస్ మీదే 8 మి.మీ.కు పెంచి, 8 మి.మీ. బోల్టు దూర్చి, రెండు పక్కలా వాషరు, నట్టు బిగించండి. బోల్టు వదులుగా అనిపిస్తే దానికి ఒక చుట్టు కాగితపు టేపు చుట్టండి. బోల్టు కొసను యంత్రం చక్కులో, అంటే బిట్టును పట్టి ఉంచే దవడల్లో, పట్టించి చక్రాన్ని తిప్పుతూ, చదునైన చెక్క ముక్కకు అతికించిన ఉప్పుకాగితాన్ని అంచుకు ఆనించాలి. మొదట 120 నంబరు, తరువాత 180, ఆపై 240. మాస్కు తప్పనిసరి.

ఇక వెనుక టైరు గాళ్ళు. అసలు పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది. 18 మి.మీ. బిళ్ళలు రెండు కలిపితే 36 మి.మీ. వెడల్పు టైరు అవుతుంది. ఒక్కో బిళ్ళ అంచు మీద ఏటవాలు గాళ్ళు కోసి, రెండింటినీ అతికిస్తే బాణపు మొనలా కలుస్తాయి. అంచు చుట్టూ 18 డిగ్రీలకు ఒకటి చొప్పున 20 గుర్తులు పెట్టుకోండి, 96 మి.మీ. బిళ్ళ మీద వాటి మధ్య దూరం సుమారు 15 మి.మీ. వస్తుంది. ఇరుసు రంధ్రంలో దూరే మేకు ఉన్న చిన్న చెక్క పెట్టె చేసి, దాని పైభాగంలో రంపానికి 30 డిగ్రీల ఏటవాలు దారులు రెండు, ఒకటి ఎడమకు, మరొకటి కుడికి కోసుకోండి. రెండు దారులు ఎందుకని అడగవచ్చు. ఒకే దారిలో కోసిన రెండు బిళ్ళలలో ఒకదాన్ని తిరగేసి అతికిస్తే మొన వస్తుందని అనిపిస్తుంది, కానీ రాదు. మర కట్టిన బోల్టును తలకిందులు చేసినా మర వాటం మారనట్టే, తిరగేసిన బిళ్ళలోనూ గాళ్ళు అదే వాటంలో ఉంటాయి. అందుకని సగం బిళ్ళలను ఎడమ దారిలో, సగం బిళ్ళలను కుడి దారిలో కోయాలి. లోతు 4 మి.మీ. చాలు.

అతికించేటప్పుడు బోల్టుకు కొవ్వొత్తి మైనం రాసి రెండు బిళ్ళలకూ దూర్చండి. ఫెవికాల్ దానికి అంటుకోదు, బోల్టే క్లాంపులా కూడా పనిచేస్తుంది. ఒక బిళ్ళను సగం గాడి మేర, అంటే 9 డిగ్రీలు జరిపితే, నిజమైన ట్రాక్టరు టైరులోలాగా ఎడమ కుడి గాళ్ళు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. రిమ్ము గీత ఒక పక్కే వేసి ఉంటే ఇంకో జాగ్రత్త అవసరం. ట్రాక్టరు టైరులో బాణపు మొన ముందుగా నేలను తాకుతుంది, బురద పక్కలకు జారిపోతుంది. కాబట్టి పై నుంచి చూస్తే రెండు చక్రాల మొనలూ ముందుకే చూడాలి. అలా రావాలంటే ఒక చక్రానికి బయటి వైపు ఎడమ గాళ్ళ బిళ్ళ, మరో చక్రానికి బయటి వైపు కుడి గాళ్ళ బిళ్ళ పెట్టాలి.

ఇరుసుకు 8 మి.మీ. గుండ్రటి కర్ర వాడి, చక్రాలను దానికి అతికించి, ఇరుసే బండి అడుగున తిరిగేలా చేయడం నాకు ఇష్టం. బండి అడుగున రంధ్రం 9 మి.మీ. ఉండాలి, వానాకాలంలో కర్ర ఉబ్బినా అప్పుడు పట్టేయదు. లక్క పూత చక్రానికే వేయండి, ఇరుసు తిరిగే చోటికి మైనం చాలు.

మూడేళ్ల లోపు పిల్లల కోసమైతే ఊడితే నోట్లో పట్టేంత చిన్న చక్రాలు పెట్టవద్దు. భద్రతా పరీక్షలో వాడే గొట్టం వ్యాసం 31.7 మి.మీ.; అందులో పట్టే ముక్క ఏదైనా ప్రమాదమే. అమ్మదలచుకున్నవాళ్లు 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయిందని, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారుల వస్తువులకు మినహాయింపు ఉందని తెలుసుకుని ఉండాలి.

చక్రాలు ఎక్కించాక రెండు పక్కలా వాషరు మందం ఖాళీ ఉందో లేదో చూసి, జిగురు గట్టిపడడానికి ఒక రోజంతా వదిలి, ఆ తరువాతే బండిని నేల మీద దొర్లించండి.