బోర్డు వెనకాల గది

(విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాల జరిపిన జాతీయ సైన్స్ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, ఫిజిక్స్ విభాగం పెద్దలకి, నన్ను పట్టుబట్టి పిలిపించిన పూర్వ విద్యార్థులకి, మైకు సరిచేసిన తమ్ముడికి, తలుపు దగ్గర చోటు చూసుకుని మరీ కూర్చున్న వెనక వరస పిల్లలకి నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. పరిచయం చేసినాయన నన్ను ‘ప్రొఫెసర్’ అనేశారు. కాదండీ. ఐటీఐలో ఫిట్టర్ చదివి, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో అటెండరుగా చేరి, తర్వాత మెకానిక్‌నై, టెక్నికల్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. తర్వాత కొన్ని మాటలు అనాల్సి ఉంది, అందుకని. ఈ ఊరు మాత్రం కాదు, కానీ అక్కడా సముద్రపు గాలే.

నాకిచ్చిన అంశం ‘రామన్ ఎఫెక్ట్, సమాజానికి దాని ఉపయోగాలు’. పొద్దుట్నుంచి ముగ్గురు చెప్పారు, బాగా చెప్పారు. నాలుగోవాడు అక్కర్లేదు. నేను బోర్డు వెనకాల గది గురించి, అంటే క్లాసులో చూపించే ప్రయోగాల్ని ముందుగా సిద్ధం చేసే చోటు గురించి మాట్లాడతాను.

రామన్ గారు మీ ఊరివాడే అనొచ్చు. వాళ్ల నాన్నగారు ఇక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్కలూ ఫిజిక్సూ చెప్పేవారు. నాలుగేళ్ల పిల్లాడిగా 1892లో వచ్చి, మెట్రిక్, ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) ఇక్కడే చదివి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లాడు. చిన్నప్పుడు ఒకసారి జబ్బుపడి మంచంలో ఉండి, లేడెన్ జాడీ, అంటే విద్యుత్ ఛార్జిని నిలవ ఉంచే గాజు పాత్ర, ఎలా పనిచేస్తుందో చూపిస్తే గానీ పడుకోనని మొండికేశాడట. తండ్రి చూపించాడట. జీవితచరిత్రల్లో రాస్తారు ఈ ముక్క. అందరూ పిల్లాడి పట్టుదల గురించి మురిసిపోతారు. నాకు మాత్రం జాడీ మీదే ధ్యాస. విశాఖపట్నం గాలిలో లేడెన్ జాడీ! గాజు మీద కంటికి కనపడని తడి పొర పడుతుంది, ఎక్కించిన ఛార్జి ఎక్కించినట్టే జారిపోతుంది. ఎవరో ఒకరు దాన్ని శుభ్రంగా తుడిచి, దీపం దగ్గరో ఎండలోనో పెట్టి ఆరబెట్టి ఉండాలి. ఆ చెయ్యి ఎవరిదో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

నా ఉద్యోగమల్లా ఆ చెయ్యే.

స్థిర విద్యుత్తు పాఠం ఎప్పుడొచ్చేదో తెలుసా? జులై, ఆగస్టు. బయట ముసురు, లోపల వందమంది పిల్లలు, వాళ్ల చెమట, వాళ్ల ఊపిరి. సారు గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దుతారు, ఛార్జి ఉంటే రేకులు విడివడి చూపించే బంగారు రేకుల ఎలక్ట్రోస్కోపు దగ్గరికి తెస్తారు, రేకులు మరీ మర్యాదగా ఒక్కసారి విడివడి మళ్లీ కలిసిపోతాయి. పిల్లలు నవ్వుతారు. సారు నా వైపు చూస్తారు. అందుకని నేను తెల్లవారుజామునే వెళ్లి కడ్డీలు, పట్టుగుడ్డ, పిల్లిబొచ్చు, అన్నీ బల్బు పెట్టిన చెక్కపెట్టెలో ఉంచేవాణ్ణి. ఎలక్ట్రోస్కోపు లోపల తేమ పీల్చే సిలికా జెల్ మార్చేవాణ్ణి. బెల్టు తిప్పి గోళం మీద ఛార్జి పోగుచేసే వాన్ డి గ్రాఫ్ యంత్రం బెల్టుకీ గోళం కింది కంబానికీ హెయిర్ డ్రయ్యర్ పట్టేవాణ్ణి. పాఠం మొదలైన పావుగంట లోపల చూపించేస్తే సరి, ఆ తర్వాత గది గాలే మనకి శత్రువు.

ఈ పాఠం డిసెంబరుకి జరపండి, అప్పుడు చూడండి మెరుపులు, అని ప్రతి ఏడూ అడిగాను. సిలబస్ వరస మార్చడం కుదరదన్నారు. కాంతి పాఠం వానాకాలంలో చెప్తే కాంతికేం పోయింది? చెప్పండి! సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో అంతమంది పెద్దలున్నారు, గాలిలో తేమ ఎంతుంటుందో తెలిసినవాడు ఒక్కడూ లేకపోయాడు. సరే, ఈ బాధ ఇంట్లో కూడా చెప్పి చెప్పి ఉన్నాను. ముందుకెళ్దాం.

తమ్ముడూ, ఆ సంచీ ఇలా అందుకో. మాటలతో కాదు, ఒకటి చేసి చూపిస్తాను. ఇది రాగి గొట్టం, మీటరు పొడవు. ఏసీలు బాగుచేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది, గోడ మందం ఉన్నది ఏరుకోవాలి. ఇది అంతే పొడవున్న తెల్ల పీవీసీ గొట్టం. ఇది నియోడిమియం అయస్కాంతం, గొట్టంలో వదులుగా పడుతుంది. ఇది అదే లావు ఇనుప బోల్టు ముక్క. ముందు బోల్టుని రాగి గొట్టంలో వదులుతున్నా... విన్నారుగా, ఠంగుమని పడింది. మీటరు ఎత్తు నుంచి వదిలితే అర సెకను కూడా పట్టదు. ఇప్పుడు చూడండి, అయస్కాంతం రాగికి అంటుకోదు. గొట్టానికి ఆనిస్తున్నా, జారిపోతోంది. దీన్ని లోపల వదిలితే ఏమవుతుంది? బోల్టులాగే పడుతుందా? ఇరుక్కుంటుందా? మెల్లగా దిగుతుందా? చేతులెత్తండి. చెయ్యెత్తని వాళ్లున్నంత సేపూ వదలను. వేదిక మీద పెద్దలు కూడా. అయ్యా, ప్రిన్సిపాల్ గారూ, మీరు తెలుగు మాస్టారైతే మాత్రం? మీరూ ఎత్తండి.

వదిలాను. ... ... ... పడింది. (చప్పట్లు) చప్పట్లు నాకెందుకు, ఈ సూత్రం చెప్పిన లెంజ్ గారికి కొట్టండి. అయస్కాంతం దిగుతుంటే గొట్టం గోడల్లో చుట్టూ కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తనని పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. పడేదాని శక్తి రాగిని రవ్వంత వేడెక్కించడానికి పోతుంది. అదుగో, వెనక నుంచి ఒకబ్బాయి గొణుగుతున్నాడు, లోపల గాలి అడ్డుపడి ఉంటుందని. మంచి అనుమానం. అందుకే పీవీసీ గొట్టం తెచ్చింది. ఇదే అయస్కాంతం, ఇందులో... ఠప్. గాలి కాదు కదా? ప్రతి ప్రయోగానికీ ఇలా ఒక ఎదురు ప్రయోగం పక్కన పెట్టుకోవాలి. అది లేకపోతే గారడీ అవుతుంది, పాఠం అవ్వదు.

చేతులెందుకు ఎత్తించానంటే, హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్, ఆయనతో పనిచేసినవాళ్లు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. క్లాసులో ప్రయోగాన్ని ఊరికే చూసిన పిల్లలకీ, అసలు చూడని పిల్లలకీ విషయం అర్థమవడంలో పెద్ద తేడా లేదని తేలింది. ముందే ఏమవుతుందో ఊహించి చెప్పి, ఆ తర్వాత చూసినవాళ్లకి తేడా కనపడింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సారుండేవారు, ఆ అధ్యయనం రాకముందే ఆయన పద్ధతి అది. ‘ఏమవుద్దో చెప్పండ్రా, చెప్పకపోతే స్విచ్చి వెయ్యను’ అనేవారు. అరగంట పోయినా సరే స్విచ్చి వేసేవారు కాదు. సిలబస్ పూర్తి చెయ్యలేదని ఆయన మీద ఎప్పుడూ కంప్లయింటే.

ఇంకోటి, వెనక బెంచీకి కనపడాలి. 1820లో ఓయర్‌స్టెడ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త కోపెన్‌హాగెన్‌లో క్లాసు చెబుతుండగానే కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదిలింది. విద్యుత్తూ అయస్కాంతం చుట్టాలని ప్రపంచానికి తెలిసింది అక్కడ. కానీ ముల్లు ఎంత కొంచెం కదిలిందంటే, క్లాసులో ఉన్నవాళ్లకి పెద్దగా పట్టనే లేదు! మా రోజుల్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద గాజు దిక్సూచి పెట్టి గోడ మీద ముల్లుని మూరెడు చేసేవాళ్లం. చిన్న కరెంటుని చూపించే గాల్వనోమీటరుకి అద్దం, దీపం, స్కేలు. ఇప్పుడు మీ జేబుల్లో ఫోనుంది, తెర మీద వేసుకోవచ్చు. ఫోన్ల మీద నాకు కోపం లేదు. ఎవరో ఎక్కడో చేసిన వీడియో పెట్టి ‘ప్రయోగం అయిపోయింది’ అంటే మాత్రం ఊరుకోను. వీడియోలో ఎప్పుడూ వాన పడదు.

దీపాల సంగతి. సోడియం దీపం పూర్తి పసుపుకి రావడానికి పది నిమిషాలు కావాలి, కాబట్టి బెల్లు కొట్టకముందే వెలిగించాలి. పాదరసపు దీపంతో ఇంకా పేచీ. క్లాసు మధ్యలో కరెంటు పోయి వెంటనే వచ్చినా అది వెలగదు, చల్లారాలి. గంటకొట్టిన గంటకి క్లాసు మారే టైం టేబుల్లో ఇవన్నీ ఎవరు చూస్తారు? సారు ముందు పీరియడు ఇంకో బిల్డింగులో చెప్పి పరిగెత్తుకుంటూ వస్తారు. పెళ్లిలో వడ్డించేవాళ్లు అందరికీ కనపడతారు, గాడిపొయ్యి దగ్గరవాడు కనపడడు. వాణ్ణి తీసేస్తే వడ్డించడానికేముంటుంది?

మా లెక్చర్ గ్యాలరీలో బోర్డు వెనకాల ఒక గది ఉండేది. అటువైపు స్టోర్, ఇటువైపు గ్యాలరీ, మధ్యలో చక్రాల బల్ల. రేపటి పాఠం పరికరాలు ఈ రోజు సాయంత్రమే ఆ బల్ల మీద అమర్చి, ఒకసారి చేసి చూసి, పొద్దున్న అలాగే లోపలికి తోసేవాణ్ణి. భ్రమణం పాఠానికి గిర్రున తిరిగే స్టూలు నా సొంత తయారీ. మీ వన్‌టౌన్‌లో ఉండేలాంటి పాత ఇనుప కొట్లలో లారీ బేరింగు కొని, దాని మీద పీట బిగించాను. సైకిల్ చక్రానికి టైరు తీసి అంచు చుట్టూ సీసం తీగ చుట్టాను. ఏ ప్రయోగానికి ఏ స్క్రూ వదులవుతుందో, ఏ సారుకి ఎడమచేతి వాటమో ఒక పుస్తకంలో రాసుకున్నాను. అమెరికాలో ఈ పని చేసేవాళ్లకి ‘పైరా’ అని సంఘమే ఉంది. ప్రయోగాలన్నిటికీ నంబర్లిచ్చారు, 5తో మొదలైతే విద్యుత్తు, 6తో మొదలైతే కాంతి. అక్కడ అది ఒక ఉద్యోగం. ఇక్కడ నేను రిటైరయ్యాక నా పోస్టు నింపలేదు. గదిలో ఇప్పుడు జవాబు పత్రాల కట్టలున్నాయి. చక్రాల బల్ల మీద జిరాక్సు మిషను. కొత్తగా వచ్చిన సార్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకి చూపించాలనే ఉంటుంది. ఎవరు అమరుస్తారు?

స్టాకు రిజిస్టరు దగ్గర అసలు జబ్బు ఉంది. పగిలితే రికవరీ, అంటే దాని ఖరీదు మా దగ్గర వసూలు. అందుకని పగలకుండా ఉండాలంటే తియ్యకుండా ఉంటే సరి. ఏటా వెరిఫికేషన్‌కి వచ్చినాయన బీరువా తెరిచి, లెక్క సరిపోయిందని సంతకం పెడతాడు. ఒక్క గాజుముక్కా పగలని ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌కి మెచ్చుకోలు! నన్నడిగితే ఏడాదిలో ఏమీ పగలని చోట విచారణ వెయ్యాలి.

మళ్లీ రామన్ గారి దగ్గరికొస్తాను, లేకపోతే సభ పేరు మార్చాలంటారు. ఆయన కలకత్తాలో అకౌంట్సు ఆఫీసరుగా ఉంటూ 1907లో బౌబజార్ వీధిలో సైన్స్ అసోసియేషన్ తలుపు తట్టినప్పుడు, తీసింది ఆశుతోష్ డే అనే ఆయనట. ఆశుబాబు అంటారు. ఏళ్ల తరబడి రామన్ గారి ప్రయోగాలకి చెయ్యిగా ఉన్నాడు. కాలేజీ చదువు లేదు. రామన్ గారు ఏం చేశారో తెలుసా? పరిశోధన వ్యాసాల్లో తన పేరు పక్కన ఆయన పేరు వేశారు. ఆశుబాబు ఒక్కడి పేరుతోనే ఒక వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిందని జీవితచరిత్రకారులు రాశారు. ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడేకి కూడా ఆండర్సన్ అని మాజీ సైనికుడు సహాయకుడిగా ఉండేవాడు. ఇంటికి వెళ్లమని ఫారడే చెప్పడం మర్చిపోతే తెల్లారేదాకా కొలిమి మండిస్తూనే ఉన్నాడని కథ. నాకు ఆండర్సన్ కథ కన్నా ఆశుబాబు కథే ఇష్టం. విధేయత గురించి అందరూ చెబుతారు, పేరు వెయ్యడం గురించి ఎవరూ చెప్పరు. ఫిబ్రవరి 28న దండ వేసే ఫొటోలు ఇంకొన్ని పెంచండి బాబూ.

టైం అయిందని చీటీ పంపారు. చూశాను. ప్రిన్సిపాల్ గారూ, ఒకే ఒక్క కోరిక. పొద్దున్న మీ స్టోర్ చూపించారు. కింది అరలో ఒక పాత ఇండక్షన్ కాయిల్ (తక్కువ ఓల్టేజిని పెంచి స్పార్కు తెప్పించే తీగచుట్ట) ఉంది, పారెయ్యాల్సినవాటి కండెమ్ లిస్టులో రాసేశారట, స్పార్కు రావడం లేదని. దాన్ని ఇంకో వారం పారెయ్యకండి. తీగచుట్ట పోయినట్టు లేదు. లోపల కండెన్సర్ పోయి ఉంటుంది, లేదా కాంటాక్టు బిందువులు గుంటలు పడి ఉంటాయి. చిన్న ఆకురాయి, కొత్త కండెన్సర్, ఒక పూట పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఇక్కడే ఉంటాను. పిల్లల్లో ఇద్దరు రండి, స్క్రూడ్రైవరు నేను తెచ్చాను. కరెంటు తీసేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు.