మధ్యాహ్నం వాడిన ఆకు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవడం ఆనవాయితీ. కానీ ఆరింటికల్లా ఈ హాలు ఖాళీ చెయ్యాలట, మన చేతిలో ఉన్నది అరగంట. పెద్దలు ఏమీ అనుకోకుండా ఈ ఒక్క నమస్కారంతో సరిపెట్టుకోవాలి.

మిద్దె తోటల్లో వేసవి తెగుళ్ళ మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఒక మాట అడుగుతా, చేతులెత్తండి. మధ్యాహ్నం ఒంటిగంటకు మేడెక్కి, సొర ఆకులు మూసిన గొడుగుల్లా వేలాడుతుంటే చూసి, అయ్యో పాపం అని పైపు పట్టుకున్నవాళ్ళు ఎంతమంది? చూశారా, సగం హాలు. వెనక వరుసలో ఆ అన్నగారు సగం ఎత్తి దించేశారు, మీరూ లెక్కలోకే వస్తారు.

నా లెక్కలో మిద్దె తోటల్లో ఎండకు చచ్చే మొక్కల కంటే నీళ్ళకు చచ్చేవే ఎక్కువ. నడినెత్తి ఎండలో ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని వేరు అంత త్వరగా పైకి అందించలేదు. మట్టిలో తడి ఉన్నా అందించలేదు. అందుకే ఆకు వాలుతుంది. వాలితే ఎండ తక్కువ తగులుతుంది, అది మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి. సాయంత్రానికి దానంతటదే లేస్తుంది. మనం ఆగం. పైగా అప్పటిదాకా ఎండలో పడున్న పైపులో మొదటి బకెట్టు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవి నేరుగా వేళ్ళ మీదికి పోతాయి.

రోజూ ఇలాగే పోస్తే ఏమవుతుంది? మట్టిలో గాలి ఆడే సందులన్నీ నీళ్ళతో నిండిపోతాయి. గాలి లేక వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి ఆకు మళ్ళీ వాడుతుంది. వాడిందని మళ్ళీ పోస్తాం. చివరికి విత్తనం మంచిది కాదు అని విత్తనాలిచ్చినవాళ్ళను తిట్టుకుంటాం.

కాబట్టి ఆకును చూడాల్సింది పొద్దున ఆరింటికి. అప్పుడు కూడా వాలే ఉంటే, వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. పొడిగా ఉంటే నీళ్ళు పోయండి. తడిగా ఉంటే జబ్బు వేరులో ఉందని అర్థం. టబ్బును రెండు ఇటుకల మీదికి ఎక్కించి, అడుగు రంధ్రాల్లో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పండి. సగం సార్లు అక్కడ వేళ్ళో, బురదో అడ్డం పడి ఉంటుంది. రెండు మూడు రోజులు నీళ్ళు ఆపి, మధ్యాహ్నం నీడ ఇవ్వండి. బెల్లం నీళ్ళు, జీవామృతం, ఇంకేదో టానిక్కు ఏదీ వద్దు. కడుపునొప్పితో ఉన్నవాడికి బిర్యానీ పెడతామా?

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఎక్కువ కలిపిన టబ్బులతో ఇంకాస్త జాగ్రత్త. పైన అర అంగుళం ఎండి తెల్లబోయినా కింద ముద్దలా తడి ఉంటుంది. అదే పూర్తిగా ఎండిందంటే నీళ్ళను వెంటనే పీల్చుకోదు. పోసిన నీళ్ళు అంచుల వెంట జారి అడుగు నుంచి వచ్చేస్తే, బాగా తడిసిందని మోసపోతాం. అలాంటప్పుడు సగం పోసి, పది నిమిషాలు ఆగి, మిగతా సగం పోయండి. రంధ్రం నుంచి చుక్కలు పడగానే ఆపేయండి. వేళ ఉదయం ఎనిమిదిలోపు. పెద్ద పాదులకైతే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కూడా కావాలి. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. నల్ల గ్రో బ్యాగులకు పడమటి వైపు పాత తెల్ల పంచె ముక్క చుట్టినా వేరు చల్లబడుతుంది.

సరే, తెగుళ్ళు. కాగితం మీద పన్నెండు రాసుకొచ్చాను. అన్నీ చెబితే ఎవరికీ ఏదీ గుర్తుండదు, రోజూ పొరపాటు పడే రెండు మూడు చాలు.

మిరప ముడత. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా ఉంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని, తిరగేసిన పడవలా అయి, కాడ సాగితే తెల్లనల్లి. రెంటికీ ఒకే మందు కొట్టి పోలేదంటారు! నల్లి తొలిదశలో ఉంటే ఆకు అడుగున నీటిని ఒత్తిడిగా చిమ్మండి, మూడు రోజులకోసారి. ఆకు అడుగున, అమ్మా, పైన కాదు. వేపనూనె అయితే వేసవిలో లీటరుకు 3 మిల్లీలీటర్లు చాలు, 5 దాటొద్దు. ముందు నూనెలో కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, పాలలా అయ్యాకే నీళ్ళలో పోయాలి. నూనె పైకి తేలితే ఆ చుక్క పడ్డచోట ఆకు మాడుతుంది. ఎండ దిగాకే కొట్టండి. ముందు ఒక్క ఆకు మీద కొట్టి మర్నాడు చూసుకోండి.

బెండ ఆకుల్లో ఈనెలు పసుపెక్కితే అది పల్లాకు తెగులు, వైరస్. దానికి మందు లేదు. తెల్లదోమ మోసుకొస్తుంది. మనసు చంపుకుని ఆ మొక్కను పీకేయండి, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది. విత్తేటప్పుడే ఈ తెగులును తట్టుకునే రకం ఎంచుకోవడం మేలు.

పండు ఈగ. మామిడికి కట్టే మిథైల్ యూజినాల్ ఎరను తెచ్చి బీర పందిరికి కట్టి, ఈగలు పడటం లేదని వాపోతుంటారు. పాదు కూరగాయల ఈగకు క్యూ లూర్ అనే వేరే ఎర కావాలి, కొనేటప్పుడు పేరు అడిగి తీసుకోండి. అదైనా మగ ఈగలనే లాగుతుంది, గుడ్లు పెట్టేది ఆడది. అందుకే పువ్వు వాడిన రోజే పిందెకు న్యూస్‌పేపర్ పొట్లం తొడగాలి. పుచ్చిన కాయను కంపోస్టు డబ్బాలో వేయకండి. అది ఈగలను పెంచడమే. పాలిథిన్ సంచిలో మూట కట్టి వారం రోజులు ఎండలో పడేయండి.

టమాటా సంగతి ఎవరో చీటీ పంపారు. పూత వస్తోంది, రాలుతోంది. నీళ్ళ తప్పు కాదు, మీ తప్పూ కాదు. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటిందంటే పుప్పొడి పనిచేయదు. హైదరాబాదులో మార్చి నెలాఖరుకే ఆ పరిస్థితి. ఆ టబ్బులో గోరుచిక్కుడో, గోంగూరో, బచ్చలో వేసుకోండి. ఇక టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్ళుతోందా, అది మళ్ళీ నీళ్ళ తప్పే. ఒకరోజు ఎండగట్టి, ఒకరోజు ముంచితే మట్టిలో కాల్షియం ఉన్నా కాయకు అందదు. గుడ్డు పెంకులు వేశామంటారు. అవి చివకడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అక్కరకు రావు.

ఇంకో చీటీ. సొరకు పూలన్నీ రాలుతున్నాయట. మొదటి వారం పది రోజులు వచ్చేవన్నీ మగపూలే, రాలక ఏం చేస్తాయి? ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, చూస్తే తెలుస్తుంది. సొర పాదు ఎనిమిది ఆకులకు రాగానే చివర గిల్లండి. పక్క కొమ్మల మీద ఆడపూలు ఎక్కువ వస్తాయి. పిందెలు కూడా పసుపెక్కి రాలుతుంటే పరాగం అందలేదని. అప్పుడు మనమే అద్దాలి, ఇందులో వేళే ముఖ్యం. కాకర, దోస, గుమ్మడి పొద్దున పూస్తాయి. సొర, బీర, పొట్ల సాయంత్రం. బీర పువ్వుకు తెల్లారి ఏడింటికి కుంచె పట్టుకుని వెళ్తే అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది. తాజా మగపువ్వును తుంచి, రేకులు తీసేసి, మధ్య కేసరాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది.

ఒక్క హెచ్చరిక. కోసిన సొరకాయ ముక్క నాలుకకు చేదుగా తగిలితే మొత్తం పారేయండి. ఉడికించినా ఆ చేదు విషం పోదు. రసం అసలే తాగొద్దు.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు, ఐదూ ముప్పావు. విత్తనాల బల్ల దగ్గర తలా నాలుగు బీర గింజలే తీసుకోండి, వెనక ఉన్నవాళ్ళకూ మిగలాలి. రాత్రికి నానబెట్టి, రేపు అంగుళం లోతున నాటండి. సొర పాదు ఉన్నవాళ్ళు మాత్రం ఇప్పుడే లేవండి. ఇంటికి చేరేసరికి పూలు విచ్చుకుని ఉంటాయి, చీకటి పడకముందే అద్దాలి. మేడెక్కినప్పుడు చెయ్యి పైపు వైపు పోతుంది, నాకు తెలుసు. ముందు వేలు పెట్టి చూడండి.