రామప్ప గుడి చూసి, చెరువు చూడకుండా తిరిగొస్తే ఎట్లా?

హోస్ట్: నమస్కారం. ఈరోజు ఓరుగల్లు ముచ్చట్లు. మనతో ఉన్న అన్న అక్కడే పుట్టి పెరిగారు, ఎవరొచ్చినా దగ్గరుండి తిప్పి చూపిస్తారు. అన్నా, రెండు రోజులు తీరిక దొరికితే ఎక్కడ మొదలుపెట్టమంటారు?

అతిథి: రామప్ప నుంచే, చెల్లె. చాలామంది హైదరాబాద్‌ల పొద్దున బయలెల్లి, వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి అన్నీ చూసుకొని పోతరు. రామప్ప చేరేసరికి పొద్దుగూకుతది. ఇంక ఆ శిల్పం ఏం కనబడ్తది? ముందురోజు రాత్రే హనుమకొండల దిగి, తెల్లారంగనే రామప్ప ఉన్న పాలంపేట తొవ్వ పట్టాలె.

హోస్ట్: 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారట కదా?

అతిథి: పెరిగిన్రు, సంతోషమే. కానీ నీళ్లల్ల తేలే ఇటుకల ముచ్చట విని, ఫొటో దిగి పోతున్నరు. శిఖరం బరువు తగ్గాలని తేలిక ఇటుకలు పెట్టింది నిజమే, పునాదిల ఇసుక నింపిందీ నిజమే. నేనైతే ముందు బయట చూరు కింద నిలబెడ్త. గుడి ఎర్రటి ఇసుకరాయి. చూరుకు ఆనుకొని ఉన్న మదనికలు, అంటే అందగత్తెల బొమ్మలు, మాత్రం నల్లరాయి. ఒకామె ఒంటికి పాము చుట్టుకొని ఉంటది. ఇంకొకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు! ఎనిమిది వందల ఏండ్ల వానకు, ఎండకు కూడా ఆ రాయి నునుపు పోలే.

హోస్ట్: రామప్ప అంటే శిల్పి పేరేనంటారు.

అతిథి: జనం నోట్ల అట్లనే ఉన్నది. గుళ్లె దేవుడు రుద్రేశ్వరుడు. కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, 1213ల. ఆ శాసనం ఆవరణలనే ఉన్నది, దాని ముందట ఓ నిమిషం ఆగున్రి. అటెన్క చెరువు కట్టకు పోవాలె. నా బాధంతా అదే, గుడి చూసినోళ్లల్ల సగం మంది చెరువు దిక్కు పోరు.

హోస్ట్: చెరువు అంత ముఖ్యమా అన్నా?

అతిథి: కాకతీయులకు గుడి, చెరువు, ఊరు వేరువేరు కావు. ఇక్కడ గుట్టలు వాటంతటవే మూడు దిక్కులా గోడలైతే, తెరిపి ఉన్న దిక్కు కట్ట పోసిన్రు. ఆ నీళ్లతోటి ఇయ్యాల్టికీ వరి పండుతది. పాకాల, లక్నవరం కూడా ఆ కాలం చెరువులే. రాజ్యం 1323లనే పోయింది, చెరువులు మాత్రం పని ఆపలే. కట్ట మీద నిలబడి ఆ పొలాలు చూస్తే, ఆ గుడికి కావాల్సిన సంపద ఏడికెల్లి వచ్చిందో అర్థమైతది.

హోస్ట్: మరి కోట?

అతిథి: రెండో రోజు కోట. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, నడుమ స్వయంభూ శివాలయం ఉన్న జాగ. గుడి కూలిపోయింది, విరిగిన రాళ్లు వరుసగా పరిచి ఉంటయి. అందరూ తోరణం కింద నిలబడి ఫొటో దిగుతరు. మీరు వంగి కింద పడి ఉన్న ముక్కలు చూడున్రి, పనితనం కంటికి ఇంత దగ్గరగా వేరేచోట దొరకదు. కోట చుట్టూ రాతి గోడ, దాని అవతల మట్టికోట. గణపతిదేవుడు మొదలుపెట్టిన పనిని ఆయన బిడ్డ రుద్రమదేవి పూర్తి చేసింది.

హోస్ట్: వేయిస్తంభాల గుడి గురించి చెప్పనేలేదు!

అతిథి: అది హనుమకొండ నడిబొడ్డులనే ఉన్నది, ఏ సాయంత్రమైనా పోవచ్చు. 1163ల కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి: శివుడు, విష్ణువు, సూర్యుడు. ఏండ్ల కింద విప్పదీసిన కల్యాణ మండపం మళ్లీ నిలబెట్టిన్రు, 2024ల తెరిచిన్రు. అది తప్పక చూడాలె. ఇంక రామప్పకు దగ్గర్లనే ఘనపురం కోటగుళ్లు ఉన్నయి. అక్కడ జనం తక్కువ, తీరికగ చూడొచ్చు.

హోస్ట్: ఏ నెలల్లో రమ్మంటారు?

అతిథి: వానలు వెనకబట్టినంక. చెరువు నిండి ఉంటది, చెప్పులు విడిచి నడిచినా రాయి కాలదు. ఎండకాలమైతే మాత్రం పొద్దున్నే వచ్చి చూసుకొని పోవాలె.