కింద కొట్లు, పైన చీకటి

నమస్కారం. ఈసారి కర్నూలులో ఏ మెయిన్ రోడ్డు మీద నడిచినా ఒక్కసారి తల పైకెత్తి చూడండి. కింద మందుల షాపు, సెల్‌ఫోన్ల షాపు, బిర్యానీ సెంటరు కళకళలాడుతుంటాయి. మూడో అంతస్తులో మాత్రం దుమ్ముపట్టిన షట్టరు, రంగు వెలిసిన టులెట్ బోర్డు. అక్కణ్ణించి పెద్దాసుపత్రి వైపు వెళ్తే, ఒక్క గది దొరికితే చాలని తిరిగేవాళ్లు కనిపిస్తారు.

ఆ ఖాళీ అంతస్తుల్ని తక్కువ అద్దె ఇళ్లుగా మార్చొచ్చు కదా? మార్చొచ్చు. కానీ అన్నిటినీ కాదు.

ఈ ఊరికి ఇళ్ల కరువు కొత్తేం కాదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఇక్కడి పేటలకున్న బీ క్యాంపు, సీ క్యాంపు అనే పేర్లు ఆ రోజులవే. ఇప్పుడు ఊరి బయట జగన్నాథగట్టు మీద పేదలకు టిడ్కో ఇళ్లు, అంటే ప్రభుత్వ ఫ్లాట్లు, కట్టారు. కానీ తెల్లారేసరికి మార్కెట్లో ఉండాల్సిన మనిషికి ఆటో ఛార్జీ కూడా అద్దెలో భాగమే. ఊరి నడిమధ్య మేడల్ని పట్టించుకోమంటున్నది అందుకే.

మధ్యలో గోడలు లేపి తలుపులు పెడితే ఇల్లైపోతుందా? కాదు. మన కాంప్లెక్సులు పక్కదానికి ఆనుకుని ఉంటాయి. వెలుతురు వచ్చేది రోడ్డు వైపు నుంచే. లోపలికి పోయేకొద్దీ పట్టపగలే లైటు వేసుకోవాలి. మనలాంటి పొడి వేడి ప్రాంతంలో కిటికీల వైశాల్యం గది నేలలో కనీసం పదో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. మే నెల ఎండలో ఆ నియమం విలువేంటో వేరే చెప్పక్కర్లేదు.

బరువు సంగతికొస్తే కొంత నయం. లెక్క ప్రకారం ఇంటి స్లాబు చదరపు మీటరుకు 200 కిలోల దాకా మోయాలి, కొట్టు స్లాబు దానికి రెట్టింపు. అలాగని బీము లేనిచోట ఇటుక గోడ లేపకూడదు. తేలిక బ్లాకులు వాడాలి, ముందు ఇంజినీరుకు చూపించాలి.

ఇంగ్లండ్‌లో 2013లో తొందరపడ్డారు. మామూలు ప్లానింగ్ అనుమతి లేకుండానే ఆఫీసుల్ని ఇళ్లు చేసుకోమన్నారు. అగ్గిపెట్టెల్లాంటి ఫ్లాట్లు పుట్టుకొచ్చాయి. అలా మార్చిన ఇళ్లలో విస్తీర్ణం ప్రమాణాలకు తూగేవి 22 శాతమేనని 2020లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ తర్వాతే వెలుతురు తప్పనిసరి చేశారు, 2021 నుంచి కనీసం 37 చదరపు మీటర్లు, అంటే దాదాపు 400 చదరపు అడుగులు ఉండాలన్నారు. మన టిడ్కోలో చిన్న ఇల్లు 300. సరే, ఆ గొడవ ఇంకో వీడియోలో.

డబ్బు మాటకొద్దాం. న్యూయార్క్‌లో 2024 నుంచి ఇలా మార్చే ఓనర్లకు పన్ను మినహాయింపు ఉంది, కానీ నాలుగో వంతు ఫ్లాట్లు తక్కువ అద్దెకివ్వాలి. నాకు నచ్చింది ఈ షరతే. మన కేంద్రం 2020లో తెచ్చిన అద్దె ఇళ్ల పథకం, ప్రభుత్వం కట్టి ఖాళీగా ఉంచిన ఇళ్లకూ, సొంత ఖాళీ స్థలంలో కట్టేవాళ్లకూ. కొట్ల పైన అంతస్తుల ఊసు అందులో లేదు.

నాకు తెలిసిన ఒక కాంప్లెక్స్ ఓనరుకు ఇదంతా చెప్పాను. "పైన ఫ్యామిలీలు బట్టలు ఆరేస్తే కింద కొట్టుకు గిరాకీ వస్తుందా అన్నా?" అన్నాడు. ఎన్నాళ్లుగా ఖాళీ అనడిగితే కరోనా నుంచి అన్నాడు.

మేడ మీదికి తీసుకెళ్లి నీళ్ల ట్యాంకు చూపించాడు. వెయ్యి లీటర్లది. కిందున్న ఏడు కొట్లకూ అదే దిక్కు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన, నాలుగు కుటుంబాల్లో పదహారు మందికి 2,160 లీటర్లు కావాలి. మెట్ల కింద టాయిలెట్ ఒక్కటే.

"ముందు దీని సంగతి చెప్పు సామీ," అన్నాడు.