గేమింగ్ ల్యాప్‌టాప్: ఎన్ని వాట్లని అడిగారా?

శ్రోతలకు నమస్కారం.

ఎంసెట్ కౌన్సెలింగ్ అయిపోయింది, సీటు వచ్చింది, ఫీజు కట్టేశారు. ఇక ఇంట్లో మిగిలిన పంచాయితీ ల్యాప్‌టాప్. "చదువుకోవడానికే కదా, మామూలుది చాలదా?" అంటారు నాన్న. "ప్రాజెక్టులకి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి నాన్నా" అంటాడు కొడుకు. ఆ ప్రాజెక్టు పేరు వాలరెంట్ అని నాన్నకీ తెలుసు, కొడుక్కీ తెలుసు. నా ఉద్దేశంలో అందులో దాచాల్సిందేమీ లేదు. నాలుగేళ్లు హాస్టల్లో ఉండేవాళ్లు రాత్రిపూట ఓ గంట ఆడుకుంటారు. దాచడం వల్ల వచ్చే నష్టం వేరే ఉంది: ఏం ఆడతారో తేలకుండా బడ్జెట్ తేలదు.

వాలరెంట్‌నే తీసుకోండి. సెకనుకి 144 ఫ్రేములు రావాలంటే జీటీఎక్స్ 1050 టీఐ కార్డు ఉండాలని ఆ గేమ్ కంపెనీ సూచన. అది 2016లో వచ్చిన కార్డు. ప్రాసెసర్‌లోనే ఉండే ఈ కాలపు గ్రాఫిక్స్‌తోనూ ఈ గేమ్ హాయిగా నడుస్తుంది. అదొక్కటే ఆడేవాళ్లకి వేరే కార్డు కోసం ఇరవై వేలు ఎక్కువ పెట్టమని నేను చెప్పను. సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద గేములు ఆడాలంటే మాత్రం కార్డు లేకుండా కుదరదు.

చదువు సంగతీ అంతే, బ్రాంచిని బట్టి ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి మొదట కావాల్సింది ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియో ఒక పక్క, బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు ఒక పక్క తెరిస్తే 8 జీబీ ఎటూ చాలదు. మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకి ఎన్‌విడియా కార్డు ఉంటే మంచిదే. పాఠాల్లో ఎక్కువగా కనిపించే క్యూడా (CUDA) అనే సాఫ్ట్‌వేర్ ఎన్‌విడియా వాళ్లదే, వాళ్ల కార్డుల మీదే నడుస్తుంది. ఆ కార్డు లేకపోయినా, ఇంటర్నెట్‌లో గూగుల్ కంప్యూటర్లని వాడుకోనిచ్చే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా కొంతవరకు నెట్టుకురావచ్చు. మెకానికల్, సివిల్ వాళ్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడతారు. ఆ రెండూ విండోస్ మీదే నడుస్తాయి, వాటికి కార్డు నిజంగానే పనికొస్తుంది. మన కుర్రాడి మాట అబద్ధం కాని బ్రాంచీలు ఇవే.

సరే, కార్డు ఉన్నదే కొందామని షాపుకి వెళ్లారు. అక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటే, "ఐ5 ఆ, ఐ7 ఆ?" దాని కన్నా ముందు అడగాల్సింది గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లని. ఆర్‌టీఎక్స్ 4050 అనే కార్డునే చూడండి. ల్యాప్‌టాప్‌లలో ఇది 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చి ఉండొచ్చు. స్టిక్కర్ మీద పేరు మాత్రం ఒకటే. పల్చటి బాడీలో తక్కువ వాట్లకి కట్టేసిన 4050 పేరు గొప్ప, ఊరు దిబ్బ. బోరు మోటారు కొనేటప్పుడు ఎన్ని హెచ్‌పీ అని అడగకుండా ఏ రైతూ డబ్బు చేతికివ్వడు కదా, ఇక్కడా అంతే. వాట్ల సంఖ్యని కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో, టీజీపీ అనే మాట పక్కన వెతకండి. అట్టపెట్టె మీద సాధారణంగా ఉండదు. షాపులో ఉన్న పీస్‌లోనే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి కూడా చూసుకోవచ్చు. చూడనివ్వకపోతే ఇంకో షాపుకి వెళ్లండి.

కార్డులో ఉండే మెమరీ కూడా చూడాలి. ఆర్‌టీఎక్స్ 3050లో 4 జీబీదీ ఉంది, 6 జీబీదీ ఉంది. ఈ రోజు కొనేవాళ్లు 4 జీబీది వద్దనుకోవడమే మేలు, కొత్త గేములు దాన్ని తేలిగ్గా దాటేస్తున్నాయి.

ఇక ర్యామ్. 16 జీబీ అని రాసి ఉంటుంది కానీ, అది ఒకటే స్టిక్కా, 8 చొప్పున రెండా అన్నది రాసి ఉండదు. రెండు ఉంటే డేటా రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటే ఉంటే గేముల్లో వేగం తగ్గుతుంది, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్లకైతే మరీ ఎక్కువ తగ్గుతుంది. దీన్ని నిమిషంలో తేల్చుకోవచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. కింద మూలన ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడారో కనిపిస్తుంది. ఆ పక్కనే ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే రేపు మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అది బోర్డుకి సోల్డర్ చేసిన ర్యామ్, దాన్ని ఎవరూ మార్చలేరు.

"ఇప్పుడు 8 జీబీతో తీసుకో, తర్వాత ఇంకో 8 వేసుకుందువు గాని" అని అన్నయ్యలు, సీనియర్లు సలహా ఇస్తుంటారు. నిన్నమొన్నటి దాకా అది బంగారం లాంటి సలహా. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇప్పుడైతే మొదటే 16 జీబీ తీసుకోండి.

ప్రాసెసర్ పేర్లలోనూ తిరకాసులున్నాయి. ఏఎండీ వాళ్ల 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి. 7520లో ఆ 2 అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్ అని అర్థం. 7540లో 4 అంటే జెన్ 4. రెండూ ఏడు వేల పేరుతోనే అమ్ముడవుతాయి. ఇంకోటి, రైజెన్ 7 7435హెచ్ఎస్. చవకగా వస్తుంది, ఆటకి బాగుంటుంది. కానీ దాంట్లో లోపల గ్రాఫిక్స్ లేదు. క్లాసులో నోట్స్ రాసుకుంటున్నా పెద్ద కార్డే పనిచేస్తూ ఉండాలి, బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. రోజంతా గదిలో ప్లగ్గు పెట్టుకుని కూర్చునేవాళ్లకి పరవాలేదు, కాలేజీకి మోసుకెళ్లేవాళ్లకి వద్దు.

స్క్రీన్ గురించి ఒక్క మాట. 144 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, రంగుల సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని కనిపిస్తే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. 100 శాతం ఎస్ఆర్‌జీబీ ఉన్నది వెతకండి.

"డెస్క్‌టాప్‌లాగా ల్యాప్‌టాప్‌ని మనమే అసెంబుల్ చేసుకోలేమా?" అని చాలామంది అడుగుతారు. మన దగ్గర కుదరదనే చెప్పాలి. బోర్డు ఆ బాడీ కొలతలకే తయారవుతుంది, ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు రెండూ దానికే సోల్డర్ అయి ఉంటాయి. మన చేతిలో ఉండేది ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకోవడమే. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చే డే స్కాలర్లకి మాత్రం నేను వేరే దారి చెబుతాను. సికింద్రాబాద్ సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకోండి. క్లాసుకి కంపెనీలు వాడి పక్కన పెట్టిన పాత ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి తీసుకోండి. ఆ డెస్క్‌టాప్‌లో రెండేళ్ల తర్వాత కార్డు ఒక్కటే మార్చుకోవచ్చు. కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ ఖర్చు కూడా కలుపుకోండి. సెకండ్ హ్యాండ్ గేమింగ్ ల్యాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఎన్ని వేల గంటలు సెగలో మగ్గిందో బయటికి కనపడదు.

సెగ అంటే గుర్తొచ్చింది. వీటికి గాలి లోపలికి వెళ్లే దారి అడుగు భాగంలో ఉంటుంది. పరుపు మీద పెట్టి ఆడితే ఆ దారి మూసుకుపోతుంది, ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బల్ల మీదే పెట్టాలి, ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము తీయించాలి.

డబ్బు దగ్గర, నో కాస్ట్ ఈఎంఐ అంటే పూర్తిగా ఉచితం అనుకోకండి. ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ బ్యాంకు వేస్తుంది. మొత్తం ఎంతవుతుందో రాయించుకున్నాకే బ్యాంకు కార్డు ఇవ్వండి. బిల్లు మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు ఒకటే అవునో కాదో అక్కడే చూసుకోండి. వారంటీ ఇంటికొచ్చి చేసేదా, సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాల్సిందా అని అడగండి. హాస్టల్ ఊళ్లో సర్వీస్ సెంటర్ లేకపోతే ఆ తేడా బాగా తెలుస్తుంది.

చివరగా చార్జర్. ఇటుకంత ఉంటుంది, బ్యాగులో దాని బరువు కూడా లెక్కే. కొన్ని మోడళ్లకి 16 ఆంపియర్ల పెద్ద పిన్నుల ప్లగ్గు వస్తుంది, హాస్టల్ గదుల్లో ఉండేది ఎక్కువగా 6 ఆంపియర్ల సాకెట్టు. మొదటి రోజే టెన్షన్. నిజానికి 230 వాట్ల చార్జర్ లాగేది ఒక ఆంపియరుకి కాస్త అటూ ఇటూ. చార్జర్‌ని షాపుకి తీసుకెళ్లి, దాని వెనక సరిగ్గా పట్టే, ఐఎస్ఐ మార్కున్న చిన్న పిన్నుల పవర్ కేబుల్ కొనుక్కుంటే సరిపోతుంది. నాసిరకం కన్వర్టర్లు పెట్టకండి.

నమస్కారం.